ప్లాస్టరు మీద తేదీ

ఏలిక్కుట్టికి యాభై ఏడేళ్లు. అందులో ముప్ఫై ఒకటి ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో గడిచిపోయాయి. రబ్బరు తోటల మధ్య కొండవాలు మీద కట్టిన ఆసుపత్రి అది. ఆ గది ఐసీయూ. ఎనిమిది మంచాలు, ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు, రాత్రీ పగలూ తేడా తెలియని దీపాలు. బయట కర్కిడకం నెల ముసురు వాన పడుతోందో లేదో డ్యూటీకి వచ్చే నర్సుల గొడుగులు చూసి తెలుసుకోవలసిందే.

ఆవిడతో నర్సింగు చదివిన వాళ్లలో సగంమంది జర్మనీలో ఉన్నారు. మిగతా సగం కువైట్ వెళ్లొచ్చి రెండంతస్తుల ఇళ్లు కట్టుకున్నారు. ఏలిక్కుట్టి జర్మన్ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. మూడోసారి రాయమని భర్త ఔసేప్ పోరుపెడితే, ఉన్న భాషలోనే నా మాట వినేవాడు లేడు, ఇంకో భాష దేనికి అని పుస్తకాలు పక్కింటి పిల్లకి ఇచ్చేసింది. ఆ పక్కింటి పిల్ల ఇప్పుడు జర్మనీలో ఉంది.

ఏలిక్కుట్టి చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నగా ఉంటుంది. ట్యూబులకి కాపలా కాయడం. ఐసీయూలోకి వచ్చిన మనిషికి గొంతులో ఒకటి, మెడలో ఒకటి, చేతికి ఒకటి, మూత్రానికి ఒకటి, ముక్కులో ఒకటి పెడతారు. అవి లేకపోతే మనిషి దక్కడు. కానీ ఒక్కో ట్యూబూ ఒంట్లోకి తీసిపెట్టిన ఒక తలుపు. మందు వెళ్లే దారినే పురుగూ వెళుతుంది. అందుకని ఆవిడ పొద్దున్నే డ్యూటీ ఎక్కగానే మొదటి మంచం నుంచి మొదలుపెట్టి, ప్రతి ట్యూబు మీదా చెయ్యి వేసి, అక్కడున్న డాక్టరుని అడిగేది, ఇది ఇవాళ ఎందుకు అని. కారణం చెబితే ముందుకు వెళ్లేది. రేపు చూద్దాంలే అంటే అక్కడే నిలబడేది. ఆవిడ నిలబడితే డాక్టరు కూడా నిలబడక తప్పదు కాబట్టి చాలామంది విసుక్కుని తీసేయమనేవారు. ఐసీయూ చూసే డాక్టర్ బినోయ్ అయితే ఆవిడ రావడం చూసి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. ఇది కూడా ఇవాళ ఎందుకని అడుగుతుంది ఏలిచేచ్చి అని నర్సులందరూ వినేలా అనేవాడు. అక్కడ అందరికీ ఆవిడ చేచ్చే, అంటే అక్క.

ఆవిడ నవ్వేది కాదు. స్కానింగుకి తీసుకెళ్లేటప్పుడు మూత్రం సంచిని రోగి పొట్టమీద పెట్టి బండి తోసేవాళ్లని చూస్తే మాత్రం నోరు ఆగేది కాదు. అది బజారు సంచీ అనుకున్నావా, కిందికి దిగినదాన్ని మళ్లీ పైకి ఎక్కిస్తున్నావు అని వరండా అంతా వినబడేలా తిట్టేది. ట్యూబు మూతిని స్పిరిట్ దూదితో పదిహేను సెకన్లు రుద్దాలని నియమం ఉంది. గడియారం చూసే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి ఒక మరియమ్మ జపం అయ్యేదాకా రుద్దమని నేర్పింది. బెడ్డు ఐదు చూసే నర్సు జిన్సి ఆ జపాన్ని మూడు సెకన్లలో ముగించేది. మరియమ్మ నీకోసం బస్సు దిగకుండానే పోతోందే అని ఏలిక్కుట్టి దెప్పేది.

ఇన్నేళ్లలో ఆ పనికి ఎవరూ ఆవిడకి దండం పెట్టలేదు. రోగం తగ్గితే డాక్టరు కాళ్లు పట్టుకుంటారు, అది న్యాయమే. రాని జ్వరానికి ఎవరు దండం పెడతారు? పట్టని చీముకి ఎవరు స్వీట్లు పంచుతారు? మొదట్లో ఆవిడకి దీనిమీద కొంచెం ఉక్రోషంగా ఉండేది. తర్వాత అదీ పోయింది. కాళ్లలో నరాలు తాళ్లలా ఉబ్బాయి, మోకాళ్లు మెట్లు వద్దంటున్నాయి, వచ్చే మార్చిలో రిటైర్మెంట్. అలసిపోయింది, అంతే. అలసట అనేది ఒక రోజులో వచ్చేదైతే ఒక రోజు సెలవు పెట్టి తీర్చుకోవచ్చు.

ఆవిడ పెట్టిన నియమాల్లో అందరికీ కంఠతా వచ్చినది ఒకటుంది. ట్యూబు మీద అంటించిన ప్లాస్టరు మీద పెన్నుతో తేదీ వెయ్యాలి, పక్కన సంతకం పెట్టాలి. తేదీ లేని ప్లాస్టరు కనబడితే ఆ షిఫ్టులో నర్సే లేనట్టు లెక్క. దాంతో ఆ గదిలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. కేస్‌షీటు లావుగా, చిందరవందరగా ఉంటుంది. ప్లాస్టరు కళ్లెదురుగా ఉంటుంది. ట్యూబు ఎప్పటిదని ఎవరడిగినా అందరూ వంగి ప్లాస్టరే చదివేవారు.

తంకమణిని ఐదో మంచం మీదికి తీసుకొచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఉపాధి హామీ పనిలో కాలవ పూడిక తీసే ఆడవాళ్లలో ఒకతె. మడమ మీద చిన్న పుండుతో మోకాలిలోతు నీళ్లలో నాలుగు రోజులు దిగింది, ఎలుక జ్వరం పట్టుకుంది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి, మూత్రం ఆగిపోయింది. ముందు చేర్చిన టౌను నర్సింగ్‌హోములో శనివారం తెల్లారి ఆదరాబాదరాగా గజ్జలో డయాలసిస్ ట్యూబు పెట్టి, ఒకసారి డయాలసిస్ చేసి, ఇక మావల్ల కాదని అంబులెన్సు ఎక్కించారు.

ట్యూబు మీది గుడ్డంతా రక్తంతో నానిపోయి ఉంది. ఏలిక్కుట్టి తనే కూర్చుని అంతా శుభ్రం చేసి, కొత్త ప్లాస్టరు వేసి, అలవాటు ప్రకారం ఆ రోజు తేదీ రాసి సంతకం పెట్టింది. బయట హడావిడిలో పెట్టిన ట్యూబు రెండు రోజులకు మించి ఉంచకూడదు. మళ్లీ శుభ్రంగా కొత్తది పెట్టాలి. అది కూడా ఆ గది నియమమే. ఇది ఎవరు, ఎప్పుడు పెట్టారో అడిగి కేస్‌షీట్లో రాయాలి అనుకుంటూ లేచింది. సరిగ్గా అప్పుడే మూడో మంచం మీది ముసలాయన గుండె ఆగింది.

నలభై నిమిషాలు అందరూ వంతులేసుకుని ఆయన ఛాతీ నొక్కారు. ఆయన దక్కలేదు. తర్వాత ఆయన భార్యని పట్టుకుని కూర్చోవడం, కాగితాలు, శరీరానికి స్నానం. ఏలిక్కుట్టి డ్యూటీ దిగేసరికి షిఫ్టు దాటి రెండు గంటలైంది. రాయాల్సింది రాయలేదు. రాయలేదన్న సంగతి కూడా గుర్తులేదు.

సోమవారం, మంగళవారం, బుధవారం పొద్దున్నే ఆవిడ తంకమణి గజ్జలోని ట్యూబు మీద చెయ్యి వేసి ఇది ఇవాళ ఎందుకని అడిగింది. డయాలసిస్‌కి అన్నారు. అది నిజమే, మూత్రపిండాలు ఇంకా కోలుకోలేదు. అడిగినదీ సరైనదే, చెప్పినదీ నిజమే. ఆవిడ ఆరో మంచానికి వెళ్లిపోయింది.

గురువారం ఉదయం డయాలసిస్ మొదలుపెట్టిన అరగంటకి తంకమణికి వణుకు వచ్చింది. మంచం కడ్డీలు చప్పుడయ్యేంత వణుకు. ఎలుక జ్వరం తిరగబెట్టిందేమో అన్నాడు బినోయ్. ఏలిక్కుట్టి పరుగులాంటి నడకతో వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలిపోతోంది.

"మంగళవారం మిషను పెట్టినప్పుడు కూడా కొంచెం వణికింది చేచ్చీ. ఏసీ వల్లేమో అని ఇంకో దుప్పటి కప్పాను" అంది జిన్సి.

మిషను పెట్టినప్పుడే వణుకు వస్తోందంటే దాని అర్థం ఏమిటో ఏలిక్కుట్టికి ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యూబులో ఏదో కాపురం పెట్టింది, రక్తం దాంట్లోంచి వెళ్లినప్పుడల్లా అది ఒళ్లంతా పాకుతోంది. మిషను ఆపమని, ట్యూబు ఎప్పటిదని అడిగింది.

"ఆదివారంది" జిన్సి వంగి చదివింది. "మీ రాతే కదా చేచ్చీ."

తన రాతే. తొమ్మిది అంకెకి తోక వంపు తిప్పడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. అది ట్యూబు పెట్టిన తేదీ కాదు, గుడ్డ మార్చిన తేదీ. అది చదివి ట్యూబు కూడా ఇక్కడే కొత్తగా పెట్టిందని అందరూ అనుకున్నారు. ఆ తేడా ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషే మరిచిపోయింది. సోమవారానికి తియ్యాల్సిన ట్యూబు గురువారం దాకా ఉంది. రోజూ దానిమీద చెయ్యి వేసి మరీ వదిలేసింది.

అక్కడే కూలబడాలనిపించింది. కూలబడడానికి టైము లేదు. ట్యూబులోంచి ఒక సీసా, చేతి నరంలోంచి ఒక సీసా రక్తం తీసి ల్యాబుకి పంపారు. గజ్జలోది పీకేశారు. బినోయ్ టోపీ, ముసుగు, గౌను వేసుకుని, తల నుంచి పాదాల దాకా గుడ్డ పరిచి, మెడలో కొత్తది పెట్టాడు. పక్కన అన్నీ అందించింది ఏలిక్కుట్టే. సాయంత్రానికి తంకమణి బీపీ పడిపోయింది, ఊపిరికి మిషను పెట్టాల్సి వచ్చింది.

శుక్రవారం ల్యాబు నుంచి మాట వచ్చింది. రెండు సీసాల్లోనూ ఒకే పురుగు పెరిగింది. ట్యూబులోంచి తీసిన దాంట్లో రెండున్నర గంటల ముందే పెరిగింది. అంటే పుట్టిల్లు ట్యూబే.

ఇలాంటివి జరిగినప్పుడు నింపడానికి ఒక ఫారం ఉంటుంది. బినోయ్ అది తెచ్చి బల్లమీద పెట్టాడు. నాలుగు రోజులూ బెడ్డు ఐదు మీద సంతకాలు జిన్సివే, కాబట్టి పేరు జిన్సిదే పడుతుందన్నాడు. ఆ పిల్ల ఐర్లండ్‌లో ఉద్యోగం కోసం నర్సింగ్ కౌన్సిల్‌లో మంచి ప్రవర్తన సర్టిఫికెట్‌కి పెట్టుకుని ఉంది. ఆ ఫారంలో పేరు పడితే ఆ కాగితం ఇంకెప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏలిక్కుట్టి ఫారం తన వైపు లాక్కుని తన పేరు రాసింది. ఆదివారం ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసింది. మూడో మంచం ముసలాయన సంగతి రాయబోయి, ఎందుకులే అని ఆపేసింది.

మార్చిలో వెళ్లిపోయేవాళ్లు, ఇప్పుడు మీకెందుకు ఈ మచ్చ అన్నాడు బినోయ్. ఆవిడ ఫారం ఆయన వైపు తోసింది. తంకమణి భర్తకి ఎవరు చెబుతారని అడిగింది. ఎలుక జ్వరంలో ఇలా విషమించడం మామూలే, ఆ మాట అబద్ధం కాదు కదా అన్నాడు ఆయన. అబద్ధం కాదు. అందుకే అది ఇంకా బరువుగా ఉంది.

తంకమణి భర్త పవిత్రన్ రబ్బరు చెట్లకి గాటు పెట్టే మనిషి. వానాకాలం ఆ పని ఉండదు. ఐదు రోజులుగా రోగుల తాలూకువాళ్లు ఉండే రేకుల షెడ్డులోనే ఉంటున్నాడు. ఏలిక్కుట్టి వెళ్లేసరికి ఉడికించిన కర్రపెండలం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమంది. తనూ కూర్చుంది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా జరిగినదంతా, తను మరిచిపోయిన దానితో సహా చెప్పింది. చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

అతను కర్రపెండలం దూరంగా జరిపాడు. తర్వాత పక్కనున్న ఎక్స్‌రే కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి బయటికి లాగి చూపించాడు. నర్సింగ్‌హోమ్‌ వాళ్లు ఇచ్చిన చీటీ. గజ్జలో ట్యూబు, శనివారం, ఉదయం ఐదుంబావు, అత్యవసరంగా పెట్టినది, త్వరగా మార్చవలెను అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఇదేనా సిస్టర్ మీకు కావాల్సింది?"

"ఇదే."

"ఐదు రోజులు దీన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను. నన్నెవరూ అడగలేదు."

"అడగాల్సింది నేనే."

పవిత్రన్ కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో జాగ్రత్తగా మడిచాడు. అతని వేళ్లకి రబ్బరు పాల నల్లటి మరక ఉంది. "నాకు చదువు రాదని కాదు. ఇంగ్లీషు రాదు" అన్నాడు. కాస్త ఆగి, తలెత్తకుండానే, "మీరింక మా ఆవిడ మంచం దగ్గరికి వెళ్లకండి" అన్నాడు.

ఏలిక్కుట్టి సరేనంది. ఇంకేం అంటుంది?

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆవిడ ఆ మాట నిలబెట్టుకుంది. పొద్దున్నే నాలుగో మంచం దాకా వచ్చి, ఐదోదాన్ని దాటేసి, ఆరోదాని దగ్గర ఆగేది. ఐదోది జిన్సి చూసేది. అడుగు దూరంలో నిలబడి కూడా ఆ ట్యూబు మీద చెయ్యి వెయ్యలేకపోవడం ఆవిడకి నొప్పిలా ఉండేది. తంకమణి పోతే తనే చంపినట్టు. బతికితే బతికించింది ఇంకెవరో. ఈ రెండింట్లో ఏది జరిగినా తనకి మిగిలేది ఏమీ లేదు, అయినా రెండోదే కావాలని, దేవుడితో బేరం పెట్టే ఓపిక కూడా లేక, ఊరికే కోరుకుంది. నర్సింగ్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది, సంతకం పెట్టి తీసుకుంది. ఇంట్లో ఔసేప్ చేపల పులుసు వేడిచేసి పెడితే ప్లేటు ముందు పెట్టుకుని నిద్రపోయేది.

పవిత్రన్ చూడడానికి లోపలికి వదిలినప్పుడల్లా మంచం పక్కన నిలబడి జిన్సిని ప్రశ్నలు అడిగేవాడు. మెడలోది ఎప్పుడు పెట్టారు, గుడ్డ ఎప్పుడు మార్చారు, చేతులు కడుక్కున్నావా అమ్మాయ్ అని. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ ఏలిక్కుట్టి ముందునుంచే నడిచేవాడు, తల తిప్పేవాడు కాదు. జిన్సి మాత్రం ఇప్పుడు జపాన్ని పూర్తిగా చదువుతోంది, మధ్యలో ఊపిరి కూడా పీల్చుకుంటోంది.

మందులు పట్టాయి. ఐదో రోజుకి జ్వరం దిగింది. ఏడో రోజుకి గొంతులోది తీశారు. తొమ్మిదో రోజు మూత్రం సంచిలో అరచెయ్యంత మేర పసుపు రంగు కనబడింది, మర్నాటికి అది సగం నిండింది. నర్సులు ఆ సంచి చుట్టూ చేరి పండగలా చూశారు. ఏలిక్కుట్టి దూరం నుంచే గీతలు లెక్కపెట్టి బాత్రూములోకి వెళ్లి ముఖం కడుక్కుంది. ఆవిడ ఏడవడం జిన్సి అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, అప్పుడూ చూడలేదు. కళ్లు మాత్రం చూసింది.

పదమూడో రోజు, బుధవారం, డయాలసిస్ ఇక అక్కర్లేదన్నారు. మెడలోది తీసెయ్యాలి. జిన్సి ట్రే సర్దుకుని వెళ్లి రెండు నిమిషాల్లో ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. నన్ను ముట్టుకోనివ్వడం లేదు చేచ్చీ, మిమ్మల్నే రమ్మంటోంది అంది. ఏలిక్కుట్టి పవిత్రన్ వైపు చూసింది. అతను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.  పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

తంకమణి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ముఖం సగమై కళ్లు పెద్దగా కనిపిస్తున్నాయి. ఏలిక్కుట్టిని కిందినుంచి పైదాకా, కాలవ గట్టున మేస్త్రీని చూసినట్టు చూసింది.

"మీరేనా ఏలిక్కుట్టి సిస్టర్?"

"నేనే."

"మా ఆయన అంతా చెప్పాడు. నాకు కోపం పోలేదు. ముందే చెబుతున్నాను."

"పోనక్కర్లేదు" అంది ఏలిక్కుట్టి. ఆ మాట అంటూంటే ఎందుకో ఒళ్లు తేలికైంది. "మరి జిన్సి తీస్తానంటే వద్దన్నావట. ఆ పిల్ల చెయ్యి నాకంటే మెత్తన."

"మెత్తన అయితే నాకేం. ఈ ఆసుపత్రి మొత్తానికి నా ట్యూబు ఇంకెప్పుడూ మరిచిపోని మనిషి మీరొక్కరే" అంది తంకమణి.

 ముప్ఫై ఒక్క ఏళ్లలో ఏలిక్కుట్టిని కావాలని అడిగిన రోగి ఈమె ఒక్కతే, అదీ ఇందుకు. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గులోనే సంతోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి వస్తే మోయడం కష్టమని ఆ రోజే తెలిసింది. ట్రే వైపు చెయ్యి చాచబోతే తంకమణి బక్కచిక్కిన తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ముందు ఇది ఎప్పుడు పెట్టారో చెప్పండి. ప్లాస్టరు చూడకుండా."

ఏలిక్కుట్టి నిటారుగా నిలబడింది, మొదటిసారి పరీక్షకి వచ్చిన నర్సుపిల్లలా. "గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి. డాక్టర్ బినోయ్ పెట్టారు. ఈ మంచం మీదే. పక్కన నేనున్నాను. ఇవాళ్టికి పదమూడు రోజులు. గుడ్డ రెండుసార్లు మార్చారు, నిన్నటిది రెండోది."

తంకమణి గుమ్మం వైపు చూసింది. పవిత్రన్ తన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, తల ఊపాడు.

"సరే, తియ్యండి" అని తంకమణి దిండు దించి పడుకుని, మెడ పక్కకి తిప్పింది.

ఏలిక్కుట్టి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.